థైమస్‌ని బడి అనడం మానేశాను

పోయిన ఆగస్టులో ఓ రాత్రి పదింటికి రాజమండ్రి నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. కూతురి స్కూల్లో హెల్త్ ఫారం నింపమన్నారట, దానికోసం పాత ఆసుపత్రి ఫైలు బయటికి తీసింది. మా మేనకోడలికి ఏడో నెలలో గుండె ఆపరేషన్ జరిగింది. గుండె కింది గదుల మధ్య గోడకి పుట్టుకతోనే చిల్లు. ఆపరేషన్ బాగా అయింది. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు, ఒక్కచోట కుదురుగా కూర్చోదు.

"అన్నయ్యా, డిశ్చార్జి సమ్మరీలో సబ్‌టోటల్ థైమెక్టమీ అని ఓ ముక్క ఉంది. అంటే ఏంటి? కోసింది గుండెకి కదా?"

నేను ఇంటర్ బైపీసీ పిల్లలకి జువాలజీ చెబుతాను. ఆ ఫైలు నా చేతుల మీదుగానే పోయింది, నేనెప్పుడూ చదవలేదు. థైమస్ రొమ్ము ఎముక వెనక, గుండె మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది. పసిపిల్లల్లో బాగా పెద్దది. సర్జన్ గుండె దాకా చేరాలంటే అది అడ్డం, అందుకని కొంత, కొన్నిసార్లు మొత్తం తీసేస్తారు. చాలా దేశాల్లో చేసే పనే, తప్పు పట్టడానికి లేదు. కాకపోతే ఆ రోజు మాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత ఒక తల్లి ఫారం నింపుతూ తెలుసుకోవాల్సిన సంగతి కాదది.

"ఏం ఫర్లేదే. థైమస్ అంటే మన రక్తంలో క్రిములతో పోరాడే టి కణాలుంటాయి చూడు, వాటికి బడి లాంటిది. పెద్దయ్యేకొద్దీ ఎటూ కుంచించుకుపోతుంది."

"బడి తీసేస్తే మరి అవెక్కడ చదువుకుంటాయి?"

పదకొండేళ్ళుగా బోర్డు మీద అదే పోలిక రాస్తున్నాను. థైమస్ బడి, టి కణాలు విద్యార్థులు, పాసైనవాళ్ళు బయటికి, ఫెయిలైనవాళ్ళు చావుకి. రేపు చేస్తానని ఫోన్ పెట్టేశాను. నిద్ర పట్టలేదు.

ఆ పోలికని నేనెందుకు వదిలేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మా స్టాఫ్‌రూములో ఈ మాటంటే ఒక మిత్రుడు నవ్వాడు. "నీట్‌లో దీనిమీద వస్తే ఒక్క బిట్టు వస్తుంది మాస్టారూ, దానికింత టెన్షనా?" అన్నాడు. బిట్టు సంగతి కాదు. ఆ పోలికతో పిల్లల బుర్రలో ఏం మిగులుతుందో నేను స్వయంగా అడిగి చూశాను. "థైమస్‌లో టి కణాలు ఏం చేస్తాయి?" అంటే క్లాసులో ముప్పాతిక మంది ఒకటే జవాబు: "క్రిములని గుర్తుపట్టడం నేర్చుకుంటాయి సార్." అది పూర్తిగా తప్పు. ఆ తప్పు నేర్పింది నేనే.

థైమస్‌లో టి కణాలకి క్రిముల్ని చూపించరు. చూపించేదంతా మన సొంత శరీరాన్నే.

కథ ఎముక మజ్జలో మొదలవుతుంది. వంటింటి మాటలో చెప్పాలంటే మూలుగ. అక్కడ పుట్టిన మూలకణాల సంతతిలో కొన్ని రక్తంలో కొట్టుకొచ్చి థైమస్‌లోకి దిగుతాయి. అక్కడి కణాలు నాచ్ అనే సంకేతం ఇస్తాయి. నువ్విక టి కణం దారిలోనే నడవాలి అని కట్టడి చేసే సంకేతం అది. ఆ తర్వాత ప్రతి కణమూ తన జన్యువుల్లోని ముక్కల్ని కత్తిరించి, ఇష్టమొచ్చినట్టు అతికించి, తనకంటూ ఒక రిసెప్టర్, అంటే ఎదుటిదాన్ని పట్టుకునే కొక్కెం లాంటిది, తయారుచేసుకుంటుంది. ఏ ముక్క ఎక్కడ పడుతుందన్నది లాటరీయే. పక్క కణానిది పక్క కణానిదే. ఆ రిసెప్టర్ దేన్ని పట్టుకుంటుందో తయారుచేసుకున్న కణానికే తెలీదు. మశూచి వైరస్‌ని పట్టుకోవచ్చు, మన కాలేయాన్నే పట్టుకోవచ్చు, అసలు దేన్నీ పట్టుకోకుండానూ ఉండొచ్చు.

మొదటి పరీక్ష కార్టెక్స్ అనే బయటి భాగంలో. మన కణాలు తమలో ఉన్న ప్రోటీన్లని ముక్కలు చేసి ఎంహెచ్‌సీ అనే పళ్ళెంలో పెట్టి పైకి చూపిస్తుంటాయి. ఆ పళ్ళేన్ని కొంచెమైనా అంటుకోగలిగిన టి కణమే బతుకుతుంది. అస్సలు అంటుకోలేనిది మూడు నాలుగు రోజుల్లో దిక్కులేక చస్తుంది. రెండో పరీక్ష ప్రధానంగా మెడుల్లా అనే లోపలి భాగంలో. అక్కడ సొంత ప్రోటీన్ ముక్కని మరీ గట్టిగా పట్టుకున్న కణాన్ని చంపేస్తారు, లేదా వేరే ఉద్యోగంలో పెడతారు. ఆ ఉద్యోగం సంగతి తర్వాత. ఈ రెండూ దాటి బయటపడేవి నూటికి అయిదు కూడా ఉండవు.

చూశారా, ఇక్కడ స్టేట్ ఫస్టు వచ్చినవాడు చస్తాడు. సున్నా వచ్చినవాడూ చస్తాడు. బతికేవాడు మధ్యలోవాడు. ఫ్లెక్సీల మీద ర్యాంకర్ల ఫోటోలు అంటించే కాలేజీలో నిలబడి దీన్ని బడి అని నేనెలా అన్నానో నాకే అర్థం కావడం లేదు. పైగా ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఏ రిసెప్టర్‌తో పరీక్షకి కూర్చుని పాసైందో దానితోనే బయటికి వస్తుంది.

మరి క్రిములు? సొంతవాటిని గట్టిగా పట్టుకునేవాటిని ఏరేశాక మిగిలినవాటిలో, లాటరీ పుణ్యమా అని, ఏదో ఒకటి రేపు రాబోయే వైరస్‌కి సరిపోతుంది. కోవిడ్ వైరస్ ఈ భూమ్మీద మనుషులకి సోకకముందే దాన్ని పట్టుకోగల టి కణాలు మన ఒంట్లో తిరుగుతూ ఉన్నాయంటే కారణం ఇదే. ఎవరూ ముందే సిలబస్ చెప్పలేదు.

రెండేళ్ళ కిందట ఒక కుర్రాడు వెనక బెంచీలోంచి, "సార్, ఫెయిలైనవాటికి సప్లిమెంటరీ లేదా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వి ఊరుకున్నాను. వాడికి నేను బాకీ. సప్లిమెంటరీ ఉంది! రిసెప్టర్‌కి రెండు గొలుసులుంటాయి, బీటా, ఆల్ఫా. పళ్ళెం అంటుకోని కణం చచ్చేలోగా తన ఆల్ఫా గొలుసుని మళ్ళీ కత్తిరించి మళ్ళీ అతికించి చూసుకుంటుంది, ఒకసారి కాదు, ముక్కలు మిగిలి ఉన్నంతసేపూ. ఆ మూడు నాలుగు రోజులూ అదే పని. మరీ గట్టిగా పట్టుకున్నవాటికి మాత్రం అంత దయ లేదు.

ఇంకా విచిత్రం ప్రశ్నపత్రం. ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలో. మరి గుండె మీద కూర్చున్న థైమస్‌లో, ఇన్సులిన్ మీద దాడిచేసే టి కణాన్ని పట్టుకోవడం ఎలా? మెడుల్లాలోని కొన్ని కణాలు అక్కడికక్కడే ఇన్సులిన్‌ని కొద్దికొద్దిగా తయారుచేస్తాయి. ఇన్సులిన్ ఒక్కటే కాదు. కంటిలోవి, థైరాయిడ్‌వి, లాలాజల గ్రంథులవి, వేల ప్రోటీన్లు. వాటికి అక్కడ వేరే పనేమీ లేదు, చూపించడానికే. ఇందులో పెద్ద భాగాన్ని నడిపించేది ఎయిర్ అనే జన్యువు. 1997లో దాన్ని గుర్తించింది ఒక అరుదైన జబ్బు వల్ల. ఆ జన్యువు చెడిన పిల్లల్లో శరీరం తన గ్రంథుల మీద తానే ఒకదాని తర్వాత ఒకటిగా దాడి చేసుకుంటుంది. ఎందుకలాగో 2002లో డయాన్ మాథిస్, క్రిస్టోఫ్ బెన్వా బృందం ఎలుకల్లో తేల్చింది: ఎయిర్ లేకపోతే థైమస్‌లో ఆ ప్రోటీన్ల ప్రదర్శన మూతపడుతుంది. మా క్లాసులో టైప్ 1 డయాబెటిస్, అంటే ఇన్సులిన్ చేసే కణాల మీద సొంత టి కణాలే దాడిచేసే జబ్బు, ఉన్న అమ్మాయి ఉంది, మధ్యాహ్నం లంచ్ బెల్లుకి ముందు ఇంజెక్షన్ చేసుకుంటుంది. థైమస్‌లో ఇన్సులిన్ కొంచెం ఎక్కువగా తయారయ్యే జన్యురూపం ఉన్నవాళ్ళకి ఆ జబ్బు ముప్పు తక్కువని తెలిశాక, ఆ అమ్మాయి సిరంజి చూసినప్పుడల్లా నాకు థైమస్సే గుర్తొస్తుంది.

అయితే ఒక చిక్కుంది. ఆ మెడుల్లా కణాల్లో ఏ ఒక్కటీ అన్ని ప్రోటీన్లూ చూపించదు. ఒక్కోటి కొన్నే. ఇన్సులిన్ చూపించేవి గుంపులో ఏ నాలుగో ఉంటాయి. పరీక్షకొచ్చిన టి కణానికి మెడుల్లాలో ఉండే సమయం నాలుగైదు రోజులు. ఆ లోపల సరైన కణానికి ఎదురుపడకపోతే? ఇక్కడే డెండ్రైటిక్ కణాలు వస్తాయి. నా బడి పోలికలో వీటికి అసలు చోటే లేదు, ఎగ్గొట్టేశాను.

కొమ్మల్లా చేతులు చాచుకుని ఉంటాయి కాబట్టి ఆ పేరు. 1973లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ ఎలుక ప్లీహంలో వీటిని చూశారు. చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 2011లో స్టైన్‌మన్‌కి నోబెల్ ప్రకటించారు. ఆయన మూడు రోజుల ముందే క్లోమం క్యాన్సర్‌తో చనిపోయాడు, కమిటీకి ఆ సంగతి తెలీదు. చనిపోయినవాళ్ళకి ఇవ్వకూడదన్నది నియమం, అయినా ఇచ్చిన బహుమతిని అలాగే ఉంచారు.

థైమస్‌లో ఈ కణాలు ఇంటింటికీ తిరిగి కూరలు పంచే మనిషిలా ఉంటాయి. మెడుల్లా కణాల నుంచి ప్రోటీన్ ముక్కల్ని తీసుకుని, తమ పళ్ళెంలో పెట్టుకుని, దొరికిన టి కణానికల్లా చూపిస్తాయి. ఎక్కడో ఒక మూల ఉన్న ఇన్సులిన్ ఇలా నలుగురికీ చేరుతుంది. వీటిలో కొన్ని థైమస్‌లోనే ఎదుగుతాయి. ఇంకొన్ని బయట పెరిగి, రక్తంలోంచి వస్తూ వస్తూ అక్కడి సరుకు కూడా మోసుకొస్తాయి. ఇదే జాతి కణం బయట లింఫ్ గ్రంథిలో క్రిమి ముక్కని చూపిస్తే, దాన్ని పట్టుకున్న టి కణం చావదు, రెచ్చిపోయి వందలు వేలుగా పెరుగుతుంది. చూపించే పని ఒకటే. లోపల పసికణానికి చావు, బయట పెద్దకణానికి యుద్ధం.

పరీక్ష రాసేవాడూ పరీక్ష పెట్టేవాడూ ఒకే తల్లి బిడ్డలా? ఈ ప్రశ్న మీద జరిగిన వాదం నాకు అన్నిటికన్నా ఇష్టం. 1993లో మెల్‌బోర్న్‌లో కెన్ షార్ట్‌మన్ ల్యాబు నుంచి కార్లోస్ ఆర్దావిన్, లీ వు తదితరులు ఒక ప్రయోగం ప్రకటించారు. ఎలుక థైమస్‌లోంచి అతి తొలిదశ కణాల్ని వేరుచేసి, రేడియేషన్ ఇచ్చిన వేరే ఎలుకల థైమస్‌లోకి ఎక్కించారు. వాటిలోంచి టి కణాలూ వచ్చాయి, డెండ్రైటిక్ కణాలూ వచ్చాయి, దాదాపు ఒకే సమయంలో. కాబట్టి రెండూ థైమస్‌లోనే, ఒకే రకం తొలికణాల్లోంచి పుడుతున్నాయి అన్నారు. అందమైన కథ. తన బిడ్డల్ని పరీక్షించేవాళ్ళని థైమస్ తనలోనే కంటోంది.

పేరెంట్స్ మీటింగ్‌లో మేం నెలనెలా వినే మాట ఒకటుంది. "మావాడికి కెపాసిటీ ఉంది సార్, చదవడంతే." ఆ మాట అబద్ధమేమీ కాదు. కెపాసిటీ ఉంటుంది. కానీ మార్కుల షీటు మీద పడేది కెపాసిటీ కాదు. 1993 ప్రయోగం కొలిచింది కెపాసిటీని. రేడియేషన్‌తో ఖాళీ చేసిన ఇంట్లో, పోటీ లేని చోట పెడితే ఈ కణం ఏం కాగలదు అన్నది. మామూలు ఎలుకలో, మామూలు రోజున అది ఏమవుతోంది అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే పద్ధతి కావాలి.

ఆ పద్ధతి 2010లో జర్మనీలో హాన్స్-రైమర్ రోడెవాల్డ్ బృందం వాడింది. టి కణాల దారిలోకి అడుగుపెట్టిన కణాల్లో ఒక జన్యువు వెలుగుతుంది. అది ఒక్కసారి వెలిగితే చాలు, ఆ కణానికీ దాని సంతతి మొత్తానికీ చెరగని పచ్చబొట్టు పడేలా ఎలుకల్ని తయారుచేశారు. కణాల్ని బయటికి తీయలేదు, ఎక్కడా ఎక్కించలేదు, ఎలుక మానాన ఎలుకని బతకనిచ్చి, పచ్చబొట్టు ఎవరికుందో చూశారు. టి కణాలు దాదాపు అన్నిటికీ ఉంది. థైమస్‌లోని డెండ్రైటిక్ కణాల్లో ఎక్కువ శాతానికి లేదు. అంటే మామూలు జీవితంలో ఇవి ఎక్కువగా వేరే దారిన వచ్చినవే, మజ్జలో ఎక్కడో పైన తప్ప తోబుట్టువులు కావు.

మరి మెల్‌బోర్న్‌వాళ్ళు పొరబడ్డారా? అలా అనడం అన్యాయం. అంతకు ఒక ఏడాది ముందే, 2009లో, ఇదే జర్మన్ బృందం టి కణాల దారిలో ఉన్న పసికణాల్లో నాచ్ రిసెప్టర్‌ని తీసేసి చూసింది. అవి డెండ్రైటిక్ కణాలుగా మారిపోయాయి! టి కణం అవ్వాల్సిన దాని లోపల డెండ్రైటిక్ కణం అణిగి ఉంటుంది, నాచ్ దాన్ని పైకి లేవనివ్వదు. ఆర్దావిన్ చూసిన కెపాసిటీ నిజం. మామూలు రోజుల్లో అది బయటపడే సందర్భం తక్కువ, అంతే. ఇద్దరి లెక్కా సరైనదే, అడిగిన ప్రశ్నలు వేరు. ఇలాంటి వాదాల్లో ఒకర్ని గెలిపించి ఇంకొకర్ని ఓడించాలన్న తొందర పాఠ్యపుస్తకాలకి ఎందుకో నాకు తెలీదు.

థైమస్ విషయంలో ఈ తొందర కొత్తేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో, పసిపిల్లలు హఠాత్తుగా చనిపోతే థైమస్ పెద్దదవడం వల్లే అనుకున్నారు. డాక్టర్లు అనాటమీ హాల్లో చూసిన శవాలు ఎక్కువగా తిండిలేక, జబ్బులతో తీసుకుని చచ్చిన పేదవాళ్ళవి. తిండిలేకపోయినా, జబ్బు చేసినా థైమస్ ఎండిపోతుంది. అలా ఎండినదే మామూలు సైజు అనుకున్నారు. దాంతో ఆరోగ్యంగా ఉన్న బిడ్డ థైమస్ వాళ్ళకి వాపులా కనపడింది. వేలమంది పసిపిల్లల ఛాతీకి ఎక్స్‌రేలు ఇచ్చి దాన్ని కుదించారు. పెద్దయ్యాక వాళ్ళలో థైరాయిడ్ క్యాన్సర్ మామూలు కన్నా ఎక్కువమందికి వచ్చింది. ఆకలిని ప్రమాణంగా పెట్టుకున్నందుకు అంత ఖరీదు.

దానికేదో పనుందని రుజువైంది 1961లో. లండన్‌లోని చెస్టర్ బీటీ సంస్థలో ఎలుకల లుకేమియా మీద పనిచేస్తున్న జాక్ మిల్లర్, అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో థైమస్ తీసేశాడు. అవి కొన్నాళ్ళకి చిక్కి శల్యమై అంటురోగాలతో చనిపోయాయి. వేరే జాతి ఎలుక చర్మం అతికిస్తే తిరగబడకుండా అలాగే ఉంచుకున్నాయి. పెద్ద ఎలుకల్లో తీస్తే ఏమీ అవ్వట్లేదు కాబట్టే అంతకాలం దాన్ని పనికిరాని ముక్క అనుకున్నారు. అప్పటికే నోబెల్ అందుకున్న పీటర్ మెడవార్ అంతటివాడు కూడా, థైమస్‌లో లింఫోసైట్లు (టి కణాల్లాంటి తెల్ల రక్తకణాలు) ఉండటం పరిణామంలో జరిగిన ఓ యాదృచ్ఛికమేమో అన్నట్టు రాశాడు.

పుట్టినరోజున కాకుండా మూడో రోజున తీస్తే మాత్రం వేరే కథ. జపాన్‌లో చూశారది. ఆ ఎలుకలు అంటురోగాలతో చావలేదు, వాటి శరీరం వాటి అవయవాల మీదే తిరగబడింది. షిమోన్ సకగుచి పట్టుకుని వేలాడింది ఈ వింతనే. మొదటి రోజుల్లో బయటికొచ్చేవి దాడిచేసే టి కణాలు, వాటిని అదుపులో పెట్టేవి ఆలస్యంగా వస్తాయి. ఇందాక మరీ గట్టిగా పట్టుకున్నవాటిలో కొన్నిటిని వేరే ఉద్యోగంలో పెడతారన్నాను కదా, అవే ఇవి, రెగ్యులేటరీ టి కణాలు. 1995లో సకగుచి వాటిని గుర్తుతో సహా చూపించాడు. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌తో కలిపి 2025 నోబెల్ ఆయనకి వచ్చింది. అక్టోబర్లో ఆ వార్త చూసి, మూడు రోజుల తేడా మీద ఒక మనిషి ఇన్ని దశాబ్దాలు కూర్చున్నాడా అనుకున్నాను.

చెల్లెలికి ఇవన్నీ చెప్పలేదు. వినాయక చవితికి రాజమండ్రి వెళ్ళినప్పుడు మాట మళ్ళీ వచ్చింది. వాళ్ళ అత్తగారు వరండాలో కూర్చుని ఉండ్రాళ్ళ కోసం బియ్యం బాగుచేస్తున్నారు. చేట ఎగరేస్తుంటే తాలూ పొట్టూ అంచు దాటి ముందుకి పడిపోతున్నాయి. ఆ తర్వాత గిన్నెలో నీళ్ళు పోసి గాలించారు. పైన తేలిన బియ్యం ఇంకో గిన్నెలోకి వంపుకుంటూ పోతే అడుగున రెండు నల్లరాళ్ళు మిగిలాయి. "అదిగో థైమస్," అన్నాను. తేలికవి చెరిగి పారేస్తారు, బరువువి గాలించి పారేస్తారు, మధ్యవి వండుకుంటారు. బియ్యానికి ఎవరూ ఏమీ నేర్పలేదు. ఈ పోలికకీ లోపం ఉంది. గాలించే చేతులు బియ్యం కాదు, థైమస్‌లో అవీ కణాలే. అయినా బడి కన్నా నయం.

"అయితే చేట పోయింది, దీని బియ్యం సంగతేంటి?" అంది చెల్లెలు.

ఆ ప్రశ్నకి నా దగ్గరున్న సమాధానం ఇది. ఎలుకపిల్ల పుట్టేనాటికి దాని ఒంట్లో టి కణాలు ఇంకా పలచగా ఉంటాయి, అందుకే మిల్లర్ ఎలుకలు చచ్చిపోయాయి. మనిషిబిడ్డకి తల్లికడుపులో ఉండగానే థైమస్ బోలెడు సరుకు బయటికి పంపేసి ఉంటుంది. ఏడో నెలకి పాప గాదె దాదాపు నిండినట్టే. పైగా సబ్‌టోటల్ అంటే కొంత ముక్క ఉంచారనే. పసితనంలో థైమస్ తీసేసిన పిల్లల్లో కొత్త టి కణాల సంఖ్య తగ్గుతుందని కొలిచి చూసినవాళ్ళు ఉన్నారు, అది దాచడం నాకిష్టం లేదు. అయినా వాళ్ళలో చాలామంది మామూలుగానే పెరుగుతున్నారు. పెద్దవాళ్ళ సంగతి వేరు. 2023లో బోస్టన్ నుంచి వచ్చిన అధ్యయనంలో, థైమస్ తీయించుకున్న పెద్దవాళ్ళలో అయిదేళ్ళలో చనిపోయినవాళ్ళు 8.1 శాతం, అలాంటి ఛాతీ ఆపరేషనే అయి థైమస్ ఉన్నవాళ్ళలో 2.8 శాతం. ఇలాంటి పోలికలో థైమస్ లేకపోవడమే కారణమని ఖాయంగా చెప్పలేం. కానీ పెద్దయ్యాక అది ఉత్త కొవ్వుముద్ద అని ఇన్నాళ్ళూ నేను చెప్పిన మాట మాత్రం ఇక చెప్పను.

గుండెకి దారి కావాలంటే తీయక తప్పదు, ఆ సర్జన్ స్థానంలో నేనున్నా తీసేవాణ్ణే. నేను అడిగేది ఒక్క వాక్యం. "థైమస్‌లో ఇంత భాగం తీశాం, ఫైల్లో రాశాం, టీకాలప్పుడు పిల్లల డాక్టరుకి చూపించండి." ఇది చెప్పడానికి అర నిమిషం పట్టదు. అది ఎందుకు చెప్పరంటే, దాన్ని ఎప్పటికైనా మూతపడే బడిగా చూడటం మనందరికీ అలవాటైపోయింది, నాతో సహా.

మేనకోడలు ఇదంతా వింటూ ఉండ్రాళ్ళ పిండి నలుపుతోంది. "మామయ్యా, నా చేట ఎవరు తీసుకున్నారు?" అంది. వాళ్ళమ్మ దాని చెయ్యి తుడిచి, హెల్త్ ఫారం కాపీ తెచ్చి నాకు చూపించింది. గతంలో జరిగిన ఆపరేషన్లు అన్న చోట "గుండె" అని ముందే రాసి ఉంది. దాని కింద పెన్నుతో ఇంకో వరస రాసి, స్పెల్లింగ్ సరిగ్గా ఉందా అని అడిగింది. 'థైమస్‌లో కొంత తీశారు' అని ఉంది.